లెక్కలోని "అయితే"

విజ్ఞానశాస్త్రం చదువుకొనే బాలునికి పాఠ్యపుస్తకం మొదట అందించేది ఫలితం. ఆ ఫలితానికి దారితీసిన ప్రశ్న చాలమందికి చదువు ముగిసే వరకు ఎదురుపడదు. "విశ్వంలో ఎక్స్ కిరణాలను వెలువరించే తారలు అనేకం కలవు" అన్న వాక్యాన్ని నేటి విద్యార్థి అర నిమిషంలో వల్లించి తరువాతి వాక్యానికి పోగలడు. కాని 1960 ప్రాంతంలో ఈ మాట అడిగి ఉంటే, బాగా చదువుకొన్న ఖగోళ శాస్త్రజ్ఞుడు కాగితం మీద లెక్క వేసి, తారల ఎక్స్ కిరణాలను పసిగట్టడం మానవసాధ్యం కాదని చూపించి ఉండేవాడు. ఆ లెక్కలో గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు. అయినా 1962 జూన్ 18వ తేదీ రాత్రి ఆకాశం వేరొక జవాబు చెప్పినది.

తప్పు లేని లెక్కకు తప్పు జవాబు ఎట్లా వచ్చినది? ఈ ప్రశ్న ఖగోళశాస్త్రానికి మాత్రమే సంబంధించినది కాదు; తరగతి గదిలో శాస్త్రాన్ని ఎట్లా బోధించవలెనన్న విషయం కూడ దీనిలో ఇమిడి ఉన్నది. ప్రతి లెక్కకు ముందు ఒక "అయితే" ఉంటుంది. ఇది ఇట్లా అయితే, అది అట్లా అవుతుంది. ఆ "అయితే"ను మరుగుపరచి లెక్కను మాత్రమే నేర్పే చదువు సగం చదువు. ఎక్స్ కిరణ ఖగోళశాస్త్రపు తొలినాళ్ళ చరిత్ర ఈ మాటకు మంచి సాక్ష్యం.

1895 నవంబరులో జర్మనీలోని వూర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌గన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. చేతి కండను దాటిపోయి ఎముకను చూపించే ఈ కిరణాలకు గాలి ఒక అడ్డమా అన్న సందేహం బాలునికి రావడం సహజం. గాలి పలుచనిదే. కాని భూమిని కప్పిన వాతావరణం మొత్తాన్ని తూచి చూచినట్లయితే, అది పది మీటర్ల లోతు నీటితో సమానమైన బరువు గలది. అరచేయి మందాన్ని దాటగలిగిన కిరణం పది మీటర్ల నీటిని దాటలేదు. కనుక అంతరిక్షం నుండి వచ్చే ఎక్స్ కిరణాలు నేలను చేరక మునుపే పై పొరలలో అణగిపోతున్నవి. భూమిమీది జీవరాశికి ఈ కప్పు రక్ష. ఆకాశాన్ని పరిశీలించేవానికి ఇదే తెర.

ఈ తెర కావలి వైపున సూర్యుడు ఎక్స్ కిరణాలను ప్రసరింపజేస్తున్నాడేమో నన్న ఊహ పుట్టిన క్రమం తెలుగు విద్యార్థులకు దగ్గరి ఊరినుండే మొదలుపెట్టి చెప్పవచ్చును. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరుకు వచ్చినాడు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును పట్టకంతో విడదీసి, అవి వాయుమయమైనవని తెలుసుకొన్నాడు. ఆ సంవత్సరమే సూర్యుని వర్ణపటంలో శాస్త్రజ్ఞులు గమనించిన ఒక పసుపుపచ్చని రేఖ భూమిమీద తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. "తెలియని రేఖ కనబడినట్లయితే తెలియని మూలకం ఉండవలెను" అని వాదించి, ఆ మూలకానికి హీలియం అని పేరు పెట్టినారు. 1895లో విలియం రామ్సే దానిని భూమిమీదనే పట్టి చూపించినాడు. వాదం గెలిచినది.

గెలిచిన వాదాన్నే మరల వాడుకొన్నారు. 1869 నాటి గ్రహణంలో సూర్యుని చుట్టు వెలిగే కరోనా అనే తేజోవలయంలో ఒక ఆకుపచ్చని రేఖ కనబడినది. అదీ తెలిసిన మూలకానికి చెందలేదు. కనుక అది కూడ కొత్త మూలకమే అనుకొని దానికి "కరోనియం" అని నామకరణం చేసినారు. డెబ్బది సంవత్సరాలు వెదకినా కరోనియం దొరకలేదు. చివరకు జర్మనీకి చెందిన గ్రోట్రియన్, స్వీడనుకు చెందిన ఎడ్లెన్ 1939 మొదలు కొద్ది సంవత్సరాలలో గుట్టు విప్పినారు. ఆ రేఖ కొత్త మూలకానిది కాదు, ఇనుముది. అయితే అది సాధారణమైన ఇనుము కాదు. పరమాణువుకు 13 ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము. ఇనుమును అంతగా ఒలిచివేయాలంటే పది లక్షల డిగ్రీలకు మించిన వేడి కావలెను. సూర్యుని ఉపరితలం సుమారు 5,500 డిగ్రీలు మాత్రమే ఉండగా, దానిపైన ఉన్న పలుచని వలయం అంతకు వందల రెట్లు వేడిగా ఉన్నదని దీనివల్ల తేలినది.

ఒకే వాదం, ఒకచోట హీలియాన్ని ఇచ్చినది, మరొకచోట కరోనియమనే భ్రాంతిని ఇచ్చినది. వాదపు నడకలో లోపం లేదు. "తెలిసిన మూలకాలన్నీ అన్ని పరిస్థితులలోను ఎట్టి రేఖలనిస్తవో మనకు తెలుసు" అన్న అనుమతి దానిలో మాట్లాడక కూర్చున్నది. హీలియం విషయంలో ఆ అనుమతి హాని చేయలేదు. కరోనియం విషయంలో అదే కొంప ముంచినది.

అంత వేడి గల వాయువు ఎక్స్ కిరణాలను వెలువరించి తీరవలెను. వాటిని చూడవలెనంటే తెరను దాటి పైకి పోవలెను. వాతావరణపు పై పొరలకు పరికరాలను పంపి సూర్యుని పరిశీలించవలెనని మేఘనాథ్ సాహా 1937లోనే ప్రతిపాదించి ఉన్నాడు. అందుకు తగిన వాహనం మాత్రం యుద్ధం వల్ల వచ్చినది. జర్మనీ నగరాలను ధ్వంసం చేయడానికి నిర్మించిన వీ-2 రాకెట్లను అమెరికా స్వాధీనం చేసుకొని న్యూ మెక్సికోలోని వైట్ సాండ్స్ క్షేత్రానికి తెచ్చినది. 1948 ఆగస్టులో అమెరికా నౌకాదళ పరిశోధనాలయానికి చెందిన బర్నైట్ పంపిన ఫొటో ఫిల్ములు సన్నని లోహపు రేకు చాటున కూడ నల్లబడి తిరిగి వచ్చినవి. 1949 సెప్టెంబరు 29న అదే పరిశోధనాలయానికి చెందిన హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ గైగర్ కౌంటర్లను పంపి, సూర్యుడు ఎక్స్ కిరణాలను వెలువరిస్తున్నాడని సందేహానికి తావు లేకుండ నిర్ధారించినాడు.

ఫ్రీడ్‌మన్ అంతటితో ఆగలేదు. 1958 అక్టోబరు 12న దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలో సంపూర్ణ గ్రహణం ఏర్పడినప్పుడు ఓడమీదినుండి రాకెట్లు వదలినాడు. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పిన క్షణాలలో బింబంనుండి వచ్చే అతినీలలోహిత కాంతి మాయమైనది గాని, ఎక్స్ కిరణాలు కొంతవరకు నిలిచినవి. అనగా అవి బింబంనుండి కాదు, చంద్రుని అంచు దాటి వ్యాపించిన కరోనానుండి వస్తున్నవి. 1960 ఏప్రిల్ 19న సూదిబెజ్జపు కెమెరాతో సూర్యుని మొదటి ఎక్స్ కిరణ చిత్రాన్ని కూడ తీసినారు.

ఇక మొదట చెప్పిన లెక్క. సూర్యుడు వెలువరించే ఎక్స్ కిరణాల శక్తి అతని దృశ్యకాంతిలో సుమారు పది లక్షలవ వంతు. సూర్యునికి ఆవల అతి సమీపంలో ఉన్న ఆల్ఫా సెంటారీ తారలు 4.3 కాంతి సంవత్సరాల దూరాన ఉన్నవి. ఇది భూమినుండి సూర్యుడున్న దూరానికి సుమారు 2,70,000 రెట్లు. దూరం పెరిగినకొద్దీ వెలుగు దాని వర్గానుసారం తగ్గుతుంది. కనుక సూర్యుడే అక్కడ ఉన్నట్లయితే అతని ఎక్స్ కిరణాలు ఏడు వేల కోట్ల రెట్లకు పైగా క్షీణించి భూమిని చేరుతవి. నాటి కౌంటర్లు వాటిని గుర్తించే ప్రసక్తి లేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతం వేయగల లెక్క ఇది. దీనిని చూచినవారికి తారల ఎక్స్ కిరణాలకై రాకెట్లు ఎగురవేయడం ధనవ్యయమే అనిపించడంలో వింత లేదు.

ఇటలీలో జాతివివక్ష చట్టాల వల్ల ఉద్యోగం కోల్పోయి 1938లో దేశాన్ని విడిచిన బ్రూనో రోసీ అమెరికాలో స్థిరపడి విశ్వకిరణాల పరిశోధనలో పేరు పొందినాడు. ప్రకృతిని ఇంతవరకు ఎవరూ చూడని తీరున చూచినప్పుడు ఊహకందనిది ఏదో కనబడవచ్చునన్నది ఆయన విశ్వాసం. ఆయన ప్రోత్సాహంతో 1959లో రికార్డో జకోనీ అనే యువకుడు కేంబ్రిడ్జిలోని ఒక చిన్న సంస్థలో ఈ పనికి పూనుకొన్నాడు. తారలకొరకు అంటే ధనం దొరకడం కష్టం. చంద్రునికొరకు అంటే దొరికినది. సూర్యుని ఎక్స్ కిరణాలు చంద్రుని నేలపై పడినప్పుడు అక్కడి ధాతువులు తమవైన ఎక్స్ కిరణాలను వెలువరించవలెను. వాటిని చదివితే చంద్రుని మట్టి స్వభావం తెలుస్తుంది. ఈ ప్రయోజనానికై అమెరికా వైమానిక దళపు పరిశోధనాలయం సహాయం చేసినది.

1961 అక్టోబరులో ఎగిరిన రాకెట్టు సవ్యంగానే పోయినది గాని, పరికరాలను మూసిన తలుపులు తెరుచుకొనలేదు. 1962 జూన్ 18వ తేదీ అర్ధరాత్రికి ఒక నిమిషం ముందు మరొక ఏరోబీ రాకెట్టు వైట్ సాండ్స్‌నుండి లేచి 225 కిలోమీటర్ల ఎత్తు చేరినది. వాతావరణపు తెరకు పైన అది గడిపినది ఆరు నిమిషాలకు లోపు. రాకెట్టు తన చుట్టు తాను తిరుగుతుండగా, ప్రతి తిరుగుడులోను ఒక దిశకు రాగానే కౌంటర్ల లెక్క ఎగసిపడినది. ఆ దిశలో చంద్రుడు లేడు. దక్షిణాకాశంలో వృశ్చికరాశి ప్రాంతంనుండి అంతవరకు ఎవరూ ఎరుగని వెలుగు వస్తున్నది. అంతేకాక, ఏ దిశకు తిరిగినా తగ్గని మరొక మసక వెలుగు ఆకాశమంతటా పరచుకొని ఉన్నది.

జకోనీ, అతని సహచరులు గర్‌స్కీ, పాయొలీనీ, రోసీ ఈ ఫలితాన్ని వెంటనే చాటలేదు. యంత్రదోషమా, భూమి పరిసరాల్లోని విద్యుత్కణాల ప్రభావమా అని నెలల తరబడి పరీక్షించి డిసెంబరులో ప్రకటించినారు. 1963 ఏప్రిల్‌లో ఫ్రీడ్‌మన్ బృందం మరింత నిశితమైన పరికరాలతో దానిని ధ్రువపరచి, వృషభరాశిలోని కర్కట నీహారిక కూడ ఎక్స్ కిరణాలను వెలువరిస్తున్నదని కనుగొన్నది. వృశ్చికంలోని మొదటి వస్తువుకు "వృశ్చిక ఎక్స్-1" అని పేరు స్థిరపడినది.

1966లో దాని స్థానాన్ని సూక్ష్మంగా నిర్ణయించి జపాను, అమెరికా వేధశాలల వారు దుర్భిణిలో చూడగా, అక్కడ ఉన్నది కంటికి ఆనని ఒక మసక నీలి తార. దాని ఎక్స్ కిరణాల శక్తి దృశ్యకాంతికి సుమారు వెయ్యి రెట్లు. సూర్యునిలో పది లక్షలవ వంతు. ఇక్కడ వెయ్యి రెట్లు. ఈ రెంటికి నడుమ వంద కోట్ల రెట్ల భేదం ఉన్నది. లెక్క వేసినవారు "తారలన్నీ సూర్యునివంటివే అయితే" అనుకొన్నారు. ఆ మాటను పైకి అనలేదు. అనవలసిన అవసరం ఉన్నదని కూడ తోచలేదు. ఆకాశం ఖండించినది గుణకారాన్ని కాదు, ఆ పైకి అనని మాటను.

1967లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ష్క్లోవ్‌స్కీ దీనికి కారణం సూచించినాడు. అక్కడ ఉన్నవి రెండు తారలు. ఒకటి ఊరంత పరిమాణంలో సూర్యునికి మించిన ద్రవ్యాన్ని కుదించుకొన్న న్యూట్రాన్ తార. తోడు తారనుండి వాయువు దానిమీదికి పడేటప్పుడు భయంకరమైన వేగాన్ని పొంది, కోట్ల డిగ్రీలకు వేడెక్కి, ఎక్స్ కిరణాలను చిమ్ముతుంది. తార తనలోని ఇంధనంతో వెలగడం ఒక తీరు. పడే ద్రవ్యం వల్ల వెలగడం వేరొక తీరు. ఈ రెండవ తీరు లెక్క వేసినవారి మనసులో లేదు.

ఇదంతా కాకతాళీయం కాదా, చంద్రునికై పోయినవారికి తార దొరికినది గదా అని ఎవరైన ఆక్షేపించవచ్చును. అదృష్టం కొంత లేదనడం సత్యం కాదు. కాని ఆ కౌంటర్లు అంతకు ముందువాటికన్న ఎన్నో రెట్లు సున్నితమైనవి. చంద్రునిమీద మాత్రమే గురిపెట్టక ఆకాశంలో విశాలమైన భాగాన్ని చూడగలిగేటట్లు వాటిని అమర్చినారు. చంద్రుని సాకుతో తలుపు తీయించుకొన్నవారు లోపలి గదులన్నీ చూడడానికి సిద్ధపడే వచ్చినారు. తాటిపండు రాలే వేళకు చెట్టుకింద ఉండడం అదృష్టం కావచ్చును. ఆకాశమంతటికీ వల పన్ని కూర్చోవడం అదృష్టం కాదు.

రెండవ ఆక్షేపణ ఉపాధ్యాయుల నుండి రావచ్చును. లెక్కలను శంకించడం నేర్పితే పిల్లలకు లెక్కలపై గౌరవం పోదా? నిజానికి గౌరవం పెరుగుతుంది. సూర్యునివంటి తారనుండి ఎంత రావలెనో ముందుగా లెక్క కట్టి ఉండకపోతే, వచ్చినది ఆశ్చర్యకరమని ఎవరికి తెలిసి ఉండేది? లెక్క సరియైనది కాబట్టే ఫలితం విరుద్ధంగా వచ్చినప్పుడు తప్పు మూలంలో ఉన్నదని నిశ్చయంగా చెప్పగలిగినారు. లెక్క చేతగానివాడు దాని "అయితే"ను కూడ పట్టుకొనలేడు.

ఆ తరువాతి చరిత్ర వేగంగా సాగినది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరంనుండి ఎక్స్ కిరణాలకై ప్రత్యేకించిన తొలి ఉపగ్రహం ఎగిరినది. అది కెన్యా స్వాతంత్ర్య దినం కాబట్టి దానికి స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యం అనే అర్థమిచ్చే "ఉహురు" అన్న పేరు పెట్టినారు. రాకెట్టుకు దక్కిన నిమిషాల స్థానంలో నెలలు దక్కగా, అది 339 ఎక్స్ కిరణ స్థానాలను పట్టికకెక్కించినది. 1999లో ఎగిరిన మహత్తరమైన ఎక్స్ కిరణ వేధశాలకు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొన్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేర "చంద్ర" అని నామకరణం చేసినారు. జకోనీకి 2002లో నోబెల్ బహుమానం లభించినది.

ఈ శాస్త్రంలో తెలుగునేలకు కూడ పాలు కలదు. టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1968లో హైదరాబాదునుండి బెలూన్లను ఎగురవేసి వృశ్చిక ఎక్స్-1 వెలువరించే తీవ్రమైన ఎక్స్ కిరణాలను కొలిచినారు. 1975లో ఎగిరిన ఆర్యభట ఉపగ్రహంలో కూడ ఎక్స్ కిరణ పరికరం ఉండినది గాని, విద్యుత్ సరఫరా లోపం వల్ల దాని పని కొద్ది రోజులకే నిలిచిపోయినది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఆస్ట్రోశాట్, 2023 సెప్టెంబరు 2న సూర్యుని పరిశీలనకై ఆదిత్య-ఎల్1 ఎక్స్ కిరణ పరికరాలతో బయలుదేరినవి. 1962లో జకోనీ చంద్రునినుండి ఆశించి పొందలేకపోయిన ఎక్స్ కిరణాల మాట కూడ మరుగున పడలేదు. 2019 జూలై 22న శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-2లోని ఒక పరికరం సరిగా ఆ కిరణాలనే చదివి, చంద్రుని నేలలోని మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ మొదలైన ధాతువులను గుర్తించినది. నాటి ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. దానికి తగిన పరికరం అప్పటికి లేదు, అంతే.

ఇట్టి చరిత్రను పాఠంలో ఇరికించడానికి కాలవ్యవధి ఎక్కడిదని ఉపాధ్యాయులు అడుగుట న్యాయమే. కథ అంతా చెప్పనవసరం లేదు. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుందని చెప్పేటప్పుడు, "సముద్రమట్టపు పీడనం అయితే" అన్న మాట వదలకుండ ఉంటే చాలును. బాయిల్ నియమం చెప్పేటప్పుడు "ఉష్ణోగ్రత మారనిదైతే", లోలకం చెప్పేటప్పుడు "ఊపు చిన్నదైతే", పడే వస్తువుల లెక్క చెప్పేటప్పుడు "గాలి అడ్డు లేనిదైతే". ఈ మాటలు పుస్తకాలలో ఉన్నవి. కాని విద్యార్థి వాటిని సూత్రానికి ముందు వచ్చే నమస్కారంవలె దాటిపోతున్నాడు; పరీక్షలో వ్రాయకపోయినా మార్కు పోదని అతనికి తెలుసు. లెక్కకు నాలుగు మార్కులిచ్చేచోట ఒక మార్కు ఈ "అయితే"కు ఉంచి, అది లేనప్పుడు ఏమగునో ఒక వాక్యంలో వ్రాయమని అడిగి చూడవలెను. కొండమీద అన్నం ఉడకకపోవడం ఎందుకో అప్పుడు అతనికి ఎవరూ చెప్పనక్కరలేకుండ తోస్తుంది.

పాఠ్యపుస్తకంతో ఏకీభవించని ఫలితం ప్రయోగశాలలో వచ్చినప్పుడు విద్యార్థి దానిని చెరిపి, పుస్తకంలోని అంకెను వ్రాసుకొనడం చాల బళ్ళలో నిత్యకృత్యం. చాలసార్లు తప్పు అతని చేతిదే కావచ్చును. అయినప్పటికి చెరపక ముందు చేయి కారణమా, గడియారం కారణమా, "అయితే" కారణమా అని వరుసగా వెదకే ఓర్పును అతనికి అలవరచవలెను. 1962 వేసవిలో నలుగురు శాస్త్రజ్ఞులు నెలల తరబడి చేసిన పని అదే. వారు ఆ రాత్రి వచ్చిన అంకెలను యంత్రదోషమని చెరిపి ఉంటే అడిగేవారు లేరు; లెక్క వారి పక్షాననే ఉండినది.